ఒకవేళ అనే గడి

ఆ కాగితాన్ని పైనుంచి కిందికి చదివితే మామూలు పెళ్లిపనుల జాబితాలాగే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి పూలు, ఆరింటికి కాఫీలు, ఏడున్నరకి విడిదిలో టిఫిన్లు. దాని పనితనం తెలియాలంటే మధ్యలో ఎర్రసిరాతో చుట్టిన వేళ దగ్గర మొదలుపెట్టి పైకి చదవాలి. 10 గంటల 24 నిమిషాలు, జీలకర్ర-బెల్లం. పెళ్లిలో మిగతావన్నీ అటూ ఇటూ జరుగుతాయి గానీ అదొక్కటీ జరగదు. ఆ వేళకి చెయ్యి తల మీద ఉండాలంటే కన్యాదానం 10:05కి మొదలవ్వాలి. అలా మొదలవ్వాలంటే మేనమామ 9:55కి గంప ఎత్తాలి. దానికి గౌరీపూజ 9:45కి పూర్తవ్వాలి. పెళ్లికూతురి గది నుంచి మండపానికి ఎన్ని అడుగులో కూడా రాసి ఉంది: 62. గంప మోసేవాళ్లు మామూలు నడక నడవలేరు కాబట్టి ఆ దూరానికి మూడు నిమిషాలు.

ఈ కాగితం రాసింది మా మేనకోడలు. దూరవిద్యలో ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదువుతూ ప్రాజెక్టు కోసం తయారుచేసింది. తణుకులో కాపురం, మూడేళ్ల పాప, భర్తది రైస్‌మిల్లులో షిఫ్టు ఉద్యోగం. కాలేజీలో చేరి చదివే వీలు ఎక్కడిది? నేను ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన మనిషిని. కాగితం మీద పనితనం కనబడితే వదలబుద్ధి కాదు. ఆమె ఫైలూ, ఆమె చదువుకున్న పాఠాల పుస్తకాలూ రెండు వారాలు నా దగ్గరే ఉంచుకున్నాను.

ముందు ఆ పాఠాల సంగతి. మామూలు పాఠ్యపుస్తకానికి పక్కన మాస్టారుంటారు. పుస్తకం చెప్పలేకపోయింది ఆయన చెబుతారు. దూరవిద్య పుస్తకానికి ఆ ఆసరా లేదు, మాస్టారి పని కూడా అదే చెయ్యాలి. ఆమె చదివిన ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, పాఠాల అమరిక చూడండి. ప్రతి యూనిట్ మొదట్లోనే, ఇది చదివాక మీరు ఏమేం చెయ్యగలగాలో రాసి ఉంటుంది. రెండు మూడు పేజీలు నడిచేసరికి ఒక ప్రశ్న, దాని కింద జవాబు రాసుకోడానికి ఖాళీ గీతలు. అసలు జవాబు మాత్రం యూనిట్ చివర్లో. ఆ గీతల దగ్గర ఎవరికైనా చెయ్యి ఆగుతుంది. అంతవరకూ అర్థమైందనుకున్నది రాయబోతే రాదు, వెనక్కి తిప్పాలి. రాత్రి పదకొండింటికి, ఎవరినీ అడగలేని మనిషికి, సరిగ్గా ఎక్కడ సందేహం వస్తుందో ఆ పాఠం రాసినవాళ్లు ముందే ఊహించారు. ఎప్పుడూ చూడని, చూడబోని విద్యార్థి కోసం చేసిన ఆలోచన అది. అచ్చుపని తెలిసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఖాళీ గీతలు వెయ్యడం తేలిక, ఎక్కడ వెయ్యాలో తెలియడమే కష్టం.

ఈ విద్యలో మన ప్రాంతానికి పెద్దరికమే ఉంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. ఈనాటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే 1985లో ఏర్పడిన ఇగ్నోకీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. పొలం పనుల వల్లా పెళ్లిళ్ల వల్లా చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ల ఇళ్లకి పోస్టులో పాఠాలు వెళ్లడం అలా పెరిగింది.

ఇగ్నో లెక్కలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకి 120 గంటలు. పాప నిద్రపోయాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా, రోజుకి గంటన్నర చొప్పున 80 రాత్రులు. మా మేనకోడలు పరీక్ష తేదీ దగ్గర మొదలుపెట్టి 80 రాత్రులు వెనక్కి లెక్కపెట్టుకుంది. ఊరి జాతరకి రెండు, పాప జ్వరాలకి అయిదు రాత్రులు ముందే తీసి పక్కన పెట్టింది. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టే విద్య ఆమెకి ఏ పాఠంలోనూ రాకముందే చేతికి వచ్చిందని ఆ పేజీ చూశాక నాకు అర్థమైంది.

ఇక అసలు షీట్. రన్ షీట్ అంటారు దాన్ని. నాలుగు గడులు: వేళ, పని, ఎవరు, ఒకవేళ. పాఠంలో నాలుగో గడికి కంటింజెన్సీ అని బరువైన పేరుంది. ఆమె దానికి 'ఒకవేళ' అని పెట్టుకుంది. ఆ ఒక్క మాట దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లల్లో పెద్దవాళ్లు పెళ్లికి ముందు వారం రోజులు నిద్రపోకుండా గొణిగే మాట అదే కదా. ఒకవేళ మేళం వాళ్లు రాకపోతే, ఒకవేళ వాన పడితే. ఇంటిపెద్ద గుండెలో ఉండే ఆ గుబులుకి ఆమె ఒక గడి గీసి, అందులో జవాబు రాసింది. మంగళసూత్రాలు ఎవరి దగ్గరుంటాయి, ఆయన కనబడకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి. తలంబ్రాల బియ్యం రెండు పళ్లేల్లో, వేరువేరు గదుల్లో. 'ఎవరు' అనే గడిలో ప్రతి వరుసకీ ఒకే పేరు, ఎక్కడా రెండు లేవు. ఎందుకని అడిగితే, "ఇద్దరికి చెబితే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు మావయ్యా" అంది.

పూల వరుస ఈ షీట్‌కి వెన్నెముక. పూలు కడియపులంక మార్కెట్ నుంచి రావాలి. ముందురోజే తెచ్చిపెడితే ముహూర్తానికి వాడతాయి, పొద్దెక్కాక తెస్తే కట్టడానికి టైముండదు. మండపానికి లైట్లు బిగించాకే పూలు కట్టాలి, ఎందుకంటే నిచ్చెన వేస్తే దండలు నలుగుతాయి. పూలు కట్టడం అయ్యాకే కార్పెట్, లేకపోతే తడి మరకలు. అంటే ఎలక్ట్రీషియన్ అరగంట ఆలస్యం చేస్తే ఆ అరగంట పూలకీ కార్పెట్‌కీ పాకి, పంతులుగారు హోమగుండం పెట్టుకునే దాకా పోతుంది. కుర్చీల సంగతి అలా కాదు. రెండు గంటలు ఆలస్యమైనా ముహూర్తానికి ఏమీ కాదు. ఏ పనికి వెసులుబాటు ఉంది, ఏ పనుల వరుసకి నిమిషం కూడా లేదు అని విడదీసే ఈ పద్ధతి 1950ల చివర్లో అమెరికాలో రూపుదిద్దుకుంది. డ్యూపాంట్ రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీ పనుల కోసం దాన్ని తయారుచేయించింది. క్రిటికల్ పాత్ అని పేరు. ఆమె షీట్‌లో ఆ వెసులుబాటు లేని పనులన్నిటినీ కలుపుతూ ఒక గీత ఉంది. పెళ్లిరోజు తెల్లవారుజామున తను ఏ పని దగ్గర నిలబడాలో ఆ గీత చెబుతుంది. కుర్చీల వైపు తను చూడనక్కర్లేదు.

భోజనాల పేజీ నాకు అన్నిటికంటే ఇష్టం. అందులో అలంకారమేమీ లేదు, ఉన్నదంతా లెక్క. 600 మంది అతిథులు. హాలులో బంతికి 120 ఆకులు. ఆకు వెయ్యడం నుంచి ఎత్తి తుడవడం దాకా 40 నిమిషాలు. అయిదు బంతులకి 200 నిమిషాలు, పదకొండున్నరకి మొదలైతే చివరి బంతి లేచేసరికి 2:50. అప్పటిదాకా ఆకలితో ఆగేది ఎవరు? పెళ్లివారికి దగ్గరి చుట్టాలే. బయటివాళ్లని ముందు కూర్చోబెట్టి తాము ఆగే మర్యాద మనది. ఆమె పక్క వరండాలో ఇంకో 60 ఆకులకి చోటు తీసింది. బంతికి 180 అయితే నాలుగు బంతులు, 160 నిమిషాలు. 2:10కి అందరూ తిని లేస్తారు. దానికోసం వడ్డించేవాళ్లని పన్నెండు మంది నుంచి పద్దెనిమిదికి పెంచాలి. ఆరుగురి కూలీ ఒక పక్క, నలభై నిమిషాల ఆకలి ఒక పక్క రాసి, నిర్ణయం ఇంటివారికి వదిలింది. డబ్బు వాళ్లది కాబట్టి అలా వదలడం సరైన పని.

భోజనాల హాలు ముందున్న చిన్న నడవ బొమ్మ కూడా గీసింది. అయిదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవు. చదరపు మీటరుకి నలుగురు దాటకూడదన్న జాగ్రత్త లెక్కన 120 మంది. ఆ నడవలోనే తాంబూలాల బల్ల వెయ్యాలని ఇంటివాళ్ల ఆలోచన. తిని వచ్చేవాళ్లు సంచీ అందుకోడానికి ఆగుతారు, తినబోయేవాళ్లు ఎదురొస్తారు, రెండు ప్రవాహాలూ ఒకే ద్వారం దగ్గర ఢీకొంటాయి. ఆమె బల్లని వెనక గుమ్మం వైపు మార్చి, వెళ్లే దారి అటే పెట్టింది. పాఠంలో జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు గురించి ఉంది. గుంపు ప్రమాదాలకి మూలం నాలుగింట్లో వెతకమన్నాడాయన: తోపుడు బలం, జనానికి అందే సమాచారం, చోటు, సమయం. చదరపు మీటరుకి ఏడుగురు చేరేసరికి జనం మనుషుల్లా కాక నీటిలా కదులుతారని కూడా రాశాడు. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ మాట పుస్తకంలో మాటగా మిగలదు. 2015 జులై 14న, పుష్కరాల మొదటిరోజు రాజమండ్రి ఘాట్‌లో పాతికమందికి పైగా ప్రాణాలు పోయాయి. మా వీధి నుంచి స్నానానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఆ రోజు ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. ఆమె నోట్సులో ఫ్రూయిన్ పేరు పక్కన ఇంకేమీ రాయలేదు, ఆ తేదీ ఒక్కటే రాసుకుంది. 2014లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ గుంపుల నిర్వహణ మీద వేసిన మార్గదర్శిని కూడా సంపాదించి, పేజీల అంచుల్లో తెలుగులో అర్థాలు రాసుకుంటూ చదివింది. 2027లో మళ్లీ పుష్కరాలు.

అసైన్‌మెంట్లు దిద్దిన కౌన్సిలర్ ఎవరో ఆమెకి ముఖపరిచయం లేదు. కానీ దిద్దిన తీరు చూస్తే మంచి పనివాడని తెలుస్తుంది. జనరేటర్ లెక్క ఆమె సరిగానే వేసింది. లైట్లకి 14, మైకులకి 6, వంటశాలకి 9, కూలర్లకి 11, మొత్తం 40 కిలోవాట్లు. 62.5 కేవీఏ జనరేటర్ దాదాపు 50 కిలోవాట్లు ఇస్తుంది కాబట్టి సరిపోతుంది. దాని పక్కన ఆకుపచ్చ సిరాతో ఒకే ప్రశ్న: "డీజిల్ ఎవరు పోస్తారు?" మార్కులు తగ్గించలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. మర్నాటి నుంచి ఆమె ప్రతి షీట్‌లోనూ డీజిల్‌కి ఒక వరుస, ఒక పేరు ఉన్నాయి. చట్టాల పేపర్లోనూ అంతే శ్రద్ధ. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు కూడదన్న 2000 నాటి శబ్ద నిబంధనలు ఒక పేజీ, పెళ్లి ఊరేగింపులో పాటలకి 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు ఇంకో పేజీ. మన ముహూర్తాలు సగం అర్ధరాత్రివే కాబట్టి మొదటి పేజీని ఆమె మడత పెట్టి ఉంచుకుంది.

పోస్టులో రానివీ ఉన్నాయి. వంటమేస్త్రి కోపంగా ఉన్నప్పుడు పులుసు గురించి ఎలా అడగాలో, డెకరేషన్ కుర్రాళ్లు సరేనన్నారంటే చేస్తామనో, విన్నామనో, ఏ పాఠమూ చెప్పలేదు. అందుకని రెండు పెళ్లిళ్ల సీజన్లు ఊళ్లో షామియానా సప్లయర్స్ వెంట జీతం లేకుండా తిరిగింది. కుర్చీలు లెక్కపెట్టింది, కర్రలు దింపించింది. ఈ కోర్సుల ప్రకటనల్లో నల్లకోట్లు, చెవుల్లో వైర్లు, మెరిసే స్టేజీలు చూసి చేరాలనుకునే పిల్లలకి ఆమె షీట్లు చూపించాలనిపిస్తుంది. చేరేముందు ఆ కోర్సు నడిపే సంస్థకి యూజీసీ దూరవిద్య విభాగం గుర్తింపు ఉందో లేదో చూసుకోమని కూడా చెబుతాను.

ఫైల్లో చివరి పేజీ పెళ్లయిన మర్నాడు రాసింది. జరిగినదాన్ని నెమరేసి రాసి ముగించేదాకా పని అయినట్టు కాదని పాఠంలో ఉంది. పదకొండు వరుసలు రాసింది. గంప 9:58కి లేచింది, మూడు నిమిషాల ఆలస్యం, నడకలో సర్దుకుంది. వరండా బంతిలో నీళ్లు ఆలస్యంగా అందాయి. జీలకర్ర-బెల్లం 10:24. తొమ్మిదో వరుస దగ్గర నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను: "పెళ్లికూతురి తల్లి మూడున్నర దాకా భోంచెయ్యలేదు. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు."

ఆ తరువాత నెలలో ఇంకో పెళ్లి, నిడదవోలులో. ఆ షీట్ కూడా అడిగి తెప్పించుకున్నాను. మధ్యాహ్నం 12:50 దగ్గర కొత్త వరుస ఉంది. పని: పెళ్లికూతురి తల్లికి భోజనం. ఎవరు: చిన్నత్త. ఒకవేళ: కదలనంటే ఆకు పెళ్లికూతురి గదికే, పక్కన కూర్చుని తినిపించాలి.