అతిథేయి, పరాన్నజీవి, శత్రుపురుగు: కొబ్బరితోటలో తెలుగు పరిభాష

కోనసీమను గురించిన రచనల్లో కొబ్బరితోట ఎక్కువగా ఒక దృశ్యం. పచ్చదనం, నీడ, కాలువగట్టు అందులోని సామగ్రి. ఆ నీడలో ఏ జీవి దేనిని తిని బతుకుతున్నదో వర్ణనకు అక్కరలేదు. ఉమాకొప్పులింగేశ్వరాలయం వల్ల యాత్రికులకు పరిచితమైన కొత్తపేట మండలం పలివెల చుట్టూ ఉన్నవీ అటువంటి తోటలే: పైన కొబ్బరి, కింద అరటి, కోకో, కంద. పర్యావరణ విమర్శ పేరుతో వెలువడే వ్యాసాలు సాధారణంగా చెట్లను, పక్షులను ప్రస్తావించిన పద్యాలను ఏరి చూపుతాయి. అంతకంటే ముందు జరగవలసిన పని ఒకటుంది. జీవుల మధ్య సంబంధాలను చెప్పడానికి తెలుగు వాడుతున్న మాటలు ఆ సంబంధాలను ఎంతవరకు పట్టుకుంటున్నాయో పరీక్షించాలి.

పాఠ్యపుస్తకాల్లో ఒక జీవి దేహం మీద ఆధారపడి బతికేది పరాన్నజీవి. ఆ దేహం గలది అతిథేయి. రెండూ భోజనపంక్తి నుంచి వచ్చిన మాటలే. పాశ్చాత్య పదానికి మూలమైన గ్రీకు మాటకు కూడా మరొకరి పక్కన కూర్చుని తినేవాడనే అర్థం. కాబట్టి ఈ నింద తెలుగు సొత్తు కాదు. అయితే అతిథేయి అనడంలో ఒక ఆహ్వానం ధ్వనిస్తుంది. కొబ్బరి ఏ పురుగునూ పిలవలేదు. సహజీవనం అనే మాట స్థితి మరీ విచిత్రం. 1879లో డి బారీ ఆ భావనను నిర్వచించినప్పుడు భిన్నజాతుల కలిసి బతుకుటలో పరాన్నజీవనాన్నీ చేర్చాడు. తెలుగులో అది సామరస్యానికి పర్యాయపదమైంది. దినపత్రికల్లోనైతే పెళ్లిలేని కాపురం.

ఈ మాటల లోపం పుస్తకాల్లోనే ఆగిపోతే పెద్ద నష్టం లేదు. మధ్య అమెరికాకు చెందిన సర్పిలాకార తెల్లదోమను భారతదేశంలో 2016లో పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు. తరువాత అది కోనసీమ కొబ్బరికీ చేరింది. ఆకుల అడుగున వలయాలుగా గుడ్లు పెడుతుంది. దాని పిల్లపురుగులు రసం పీల్చి తేనెవంటి జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురు కింది మట్టలపైనా, అరటి, కోకో ఆకులపైనా పడుతుంది. దానిమీద మసిబూజు పెరుగుతుంది. ఆకు నల్లబడి వెలుగును సరిగా అందుకోలేదు. కొబ్బరిని తాకిన పురుగు ఈ విధంగా తాను తినని పంటను కూడా బాధిస్తుంది. శత్రుపురుగు అన్న ఒక్క మాటలో ఈ వరుస అంతా మాయమవుతుంది.

ఈ తెల్లదోమను అదుపు చేసే వాటిలో ముఖ్యమైనది ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే, మిల్లీమీటరైనా లేని కందిరీగజాతి కీటకం. తెల్లదోమ పిల్లపురుగు దేహంలో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల తిని, ఆ దేహాన్ని చంపి బయటికి వస్తుంది. తెలుగు వ్యవసాయ సాహిత్యం దీనినీ పరాన్నజీవి అనే అంటుంది. తలలోని పేనుకూ అదే పేరు! అతిథేయిని బతకనిచ్చే జీవికీ, తప్పనిసరిగా చంపే జీవికీ భేదం చూపడానికి ఫిన్లాండు కీటకశాస్త్రజ్ఞుడు ర్యూటర్ 1913లోనే వేరు మాట కల్పించాడు. తెలుగులో ఆ భేదం స్థిరపడలేదు. రైతుకు దీనివల్ల జరిగే నష్టం స్పష్టమే. కనిపించిన పురుగంతా శత్రువైతే మందు చల్లడం ఒక్కటే మార్గం. మందుకు ఎన్‌కార్సియా కూడా చస్తుంది, దాని అదుపు తప్పిన తెల్లదోమ మళ్లీ పెరుగుతుంది. విచక్షణ లేకుండా పిచికారీ చేయవద్దని శాస్త్రజ్ఞులు చెప్పేది ఇందుకే. కోనసీమలోనే ఉన్న అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం జీవనియంత్రణ కారకాలను పెంచి రైతులకు అందిస్తున్నది. ఆ సలహా మాత్రం మిత్ర, శత్రు పదాల ఇరుకులోంచే రైతును చేరవలసి వస్తున్నది.

కొమ్ముపురుగు ఆ రెండు పదాలనూ ఒకేసారి ఓడిస్తుంది. దాని పిల్లపురుగు పెంటకుప్పలో కుళ్లిన పదార్థాన్ని తిని పెరుగుతుంది. అక్కడ అది ఎరువు కుళ్లడానికి తోడ్పడే జీవి. రెక్కలు వచ్చాక అదే కొబ్బరి మొవ్వును తొలుస్తుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది. చెట్టును చంపేది సాధారణంగా ఈ రెండోదే. శత్రుత్వం పురుగు స్వభావంలో లేదు. అది ఎక్కడున్నది, ఏ దశలో ఉన్నది, దాని వెనుక ఎవరు వస్తున్నారు అన్న వాటిలో ఉన్నది.

కవిత్వంలోనూ ఈ గృహస్థధర్మపు భాష బలంగా ఉంది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’లో పూలు తాము తుమ్మెదలకు తేనెవిందు చేస్తామని చెప్పుకుంటాయి. కోసేవాడి క్రూరత్వాన్ని నిలదీయడానికి పూల ఔదార్యం అవసరం. ఆ పద్యాల కరుణరసం అక్కడే పండింది, దానిని తప్పుపట్టడం అరసికత. కాని విందు అనగానే తుమ్మెద అతిథిగా మిగిలిపోతుంది, అది మోసే పుప్పొడి పద్యంలోకి రాదు. తెలుగు విమర్శ ఆ పద్యాలను అహింస దృష్టితో ఎంతగానో మెచ్చుకుంది, పుప్పొడిని అడగలేదు.

కొబ్బరి నీడలోని కోకో పువ్వుకు తుమ్మెద అతికేది కాదు, అది అంత చిన్నది. కోకోలో పరాగసంపర్కం ప్రధానంగా జరిపేవి నలుసంత ఈగలు. అవి పుట్టిపెరిగేది రాలి కుళ్లిన ఆకుల్లో, కాయల తొక్కల్లో. అంటే తోట శుభ్రంగా కనిపించాలని ఊడ్చి పారబోసే చెత్తలో.