కొలవకముందే వేసే లెక్క

గూడూరు పేరు చెబితే నిమ్మకాయల మార్కెట్టు గుర్తొస్తుంది, అభ్రకం గనులు గుర్తొస్తాయి. కల్యంపూడి రాధాకృష్ణారావు కూడా గుర్తు రావాలని నా కోరిక. 1920లో హడగళిలో పుట్టిన ఈ తెలుగు గణాంకశాస్త్రవేత్త బడి చదువు గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో సాగింది. లోకం ఆయన్ని సి.ఆర్.రావుగా ఎరుగును. పాతికేళ్లకే ఆయన రాసిన ఒక వ్యాసంలోని మాట, మెదడుకు ఎమ్మారై తీసే గదిలో ఇవాళ అక్కరకొస్తోంది.

ముందు స్కాన్ సంగతి. కావలి నుంచో అల్లూరు నుంచో పక్షవాతం వచ్చిన మనిషిని నెల్లూరు తీసుకొస్తారు. మొదటి గంటల్లో సీటీలో తేడా ఏమీ కనబడకపోవచ్చు. డిఫ్యూజన్ ఎమ్మారైలో మాత్రం రక్తం అందని చోటు తెల్లగా మెరుస్తుంది. మెదడులో నీటి అణువులు క్షణం నిలవవు. 50 మిల్లీసెకన్లలో ఒక్కోటి దాదాపు మిల్లీమీటరులో నూరోవంతు జరుగుతుంది. రక్తం ఆగితే కణాలు ఉబ్బుతాయి, నీటికి మసిలే చోటు తగ్గుతుంది. ఆ తగ్గుదలనే కొలుస్తున్నాం.

కొలిచే పద్ధతిని 1965లో స్టెజ్‌స్కల్, టానర్ చూపించారు. అయస్కాంత గ్రేడియంట్‌తో అణువులకు ఒక గుర్తు వేస్తారు. కాసేపాగి రెండో గ్రేడియంట్‌తో ఆ గుర్తు చెరిపేస్తారు. ఉన్నచోటే ఉన్న అణువుల సిగ్నల్ నిలుస్తుంది, జరిగినవాటిది తగ్గిపోతుంది. గుర్తు ఎంత గట్టిగా వేశాం, ఎంత ఎడం ఇచ్చాం అన్నదంతా కలిపి చెప్పే అంకె బి-విలువ. పక్షవాతం స్కాన్‌లో మామూలుగా వాడేది చదరపు మిల్లీమీటరుకు 1000 సెకన్లు.

వెయ్యే ఎందుకు? వందైతే సిగ్నల్ దాదాపు తగ్గదు, నీటి నడక తెలియదు. మూడు వేలైతే మెదడు కణజాలంలో సిగ్నల్ ఎనిమిదో వంతుకు పడిపోయి నాయిస్‌లో కలిసిపోతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. బొమ్మలోని విలువ సున్నా కిందికి దిగదు కాబట్టి ఆ నాయిస్సే సిగ్నల్‌లా కనబడి, నీరు ఉన్నదానికన్నా నెమ్మదిగా కదులుతున్నట్టు చూపిస్తుంది. మధ్యలో ఎక్కడ ఆగాలి?

రావుగారి లెక్క ఇక్కడ కావాలి. కలకత్తాలో ఆయన పాఠం చెబుతున్నప్పుడు దండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. కొలతలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు గణాంకవేత్త ఫిషర్ చెప్పిన హద్దు, కొద్దిపాటి కొలతలకూ వర్తిస్తుందా అని. రావుగారు ఆ రాత్రే కూర్చుని తేల్చారు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో అచ్చయింది. స్వీడన్‌కు చెందిన క్రామేర్ విడిగా అదే చోటికి చేరడంతో దానికి క్రామేర్–రావు హద్దు అని పేరు. ఎంత తెలివైన సూత్రం వాడినా, ఒక పక్కకు ఒరగని ఏ అంచనాలోనూ ఊగిసలాట ఈ గీతకన్నా తగ్గదని అది చెబుతుంది. గీత ఎక్కడుంటుందో కొలత తీరును బట్టి తేలుతుంది. మనకు తెలియని విలువ రవ్వంత మారితే సిగ్నల్ ఎంత మారుతుంది? ఎక్కువ మారే చోట కొలిస్తే గీత కిందికి దిగుతుంది. మనిషిని మిషన్‌లో పడుకోబెట్టకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. నాకు ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా అబ్బురమే.

మెదడు నీటికి ఆ లెక్క వేస్తే, మిగతావన్నీ పక్కన పెట్టినప్పుడు, బి-విలువ 1400 దగ్గర తేలుతుంది. కానీ బి పెంచితే గ్రేడియంట్‌కు ఎక్కువసేపు కావాలి, ఈలోపు సిగ్నల్ తనంతట తానే కరిగిపోతుంది. అందుకే చేతిలో ఉన్న మిషన్ బలాన్ని బట్టి కిందికి దిగుతారు. 2008లో లండన్‌లో డేనియల్ అలెగ్జాండర్ నరాల పోగుల మందం కొలవడానికి గ్రేడియంట్ బలం, నిడివి, ఎడం మూడింటినీ ఈ హద్దుతోనే ఎంచారు.

మైపాడు ఒడ్డున వల కన్ను చేపను బట్టి ఉంటుంది. స్కాన్‌లో గడి పరిమాణమూ అంతే. రెండు మిల్లీమీటర్ల గడిని ఒక మిల్లీమీటరుకు తగ్గిస్తే బొమ్మ సన్నబడుతుందని ఆశ. గడి ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది, సిగ్నలూ అంతే. పోయిన స్పష్టత తిరిగి రావాలంటే అదే బొమ్మను 64 సార్లు తియ్యాలి. అంతసేపు రోగి కదలకుండా పడుకోగలడా?

నరాల దారులు గీయాలంటే గ్రేడియంట్‌ను వేర్వేరు దిక్కుల్లో కూడా వెయ్యాలి. ఆరు దిక్కులు కనీసం, 30 ఉంటే ఫలితం నిలకడగా వస్తుంది. ఒకదాన్నొకటి తోసుకునే విద్యుదావేశాలు గోళం మీద సర్దుకున్నట్టు వాటిని సమానంగా పరుస్తారు. మధ్యమధ్యలో గ్రేడియంట్ లేని బొమ్మలూ తియ్యాలి, పోల్చుకోవడానికి అవే ఆధారం.

ఒక్క సంగతి మాత్రం రద్దీలో తరచు వదిలేస్తారు. ముక్కు పైన, చెవుల దగ్గర, గాలీ ఎముకా కలిసే చోట బొమ్మ సాగిపోతుంది. సాగే దిక్కును తిప్పి గ్రేడియంట్ లేని బొమ్మ మరొకటి తీస్తే, రెండింటినీ పోల్చి సరిచెయ్యవచ్చు. దానికి పట్టేది ఒక నిమిషం లోపే. టెక్నీషియన్ జాబితాలో ఆ వరుస రాసి ఉంటే తీస్తారు, లేకపోతే రోగి లేచి వెళ్లిపోతాడు.