పాలపిట్టా, ప్రబంధంలో బాతులూ

మన కవులకు పిట్టలంటే ప్రేమే. కాకపోతే ఆ ప్రేమలో పిట్టకు దక్కేది తక్కువ. హంసను రాయబారం పంపుతారు, చకోరానికి వెన్నెల తాగిస్తారు, కోకిల చేత విరహిణులను ఏడిపిస్తారు. ఆ పిట్ట ఏం తిన్నదో, వానలో ఎక్కడ తలదాచుకున్నదో ఎవరికీ పట్టదు.

అందుకే నాకు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద అంటే ముద్దు. నారికేళపాకమని చాలామంది దూరం నుంచే దండం పెడతారు. నిజమే, నిఘంటువు పక్కన లేకపోతే నాకూ సాగదు. కానీ కొబ్బరికాయ కొట్టకుండా నీళ్లు ఎవరు తాగారు చెప్పండి!

అందులో వానాకాలం చూడండి. తడికట్టెలతో ఆడవాళ్లు పొయ్యి దగ్గర పడే పాట్లు కూడా పట్టించుకున్న మహారాజాయన. ఆ జడివానలోనే చెట్టుతొర్రల్లో పక్షులు, మేత లేక కళ్లు మూసుకుని ఉంటాయి. ఒక్కసారి మెడ ఎత్తి రెక్క విదిలిస్తాయి, మళ్లీ కదలవు. అంతే పద్యం. విరహం లేదు, ఆకలి ఉంది.

శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో మరొకటి. వరిమడుల కాలవల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతుంటాయి. తెల్లవారుజామున స్నానాలకొచ్చిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలనుకుంటారు తలారులు. పాపం, ఇళ్లకు చేరుద్దామని రేవులోకి దిగుతారు. బట్టలు లేచి పరుగో పరుగు! పొలం కాపలా ఆడపిల్లలు పకపకా నవ్వుతారు. నిద్రపోయే బాతును నిలబడి చూసినవాడు తప్ప ఈ హాస్యం రాయలేడు. బాతు మెదడులో సగం మేలుకుని, ఒక కన్ను తెరిచి నిద్రపోగలదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రాయలవారికి ఆ సంగతి తెలుసనను. కానీ చెయ్యి చాపేలోగా అది పోతుందని తెలుసు, పోనిచ్చి నవ్వడమూ తెలుసు.

ఆ నవ్వే కిందటేడు నన్ను గుచ్చింది. మా వెల్గటూరుకు గోదావరి దగ్గరే. కోటిలింగాల రేవుకు వెళితే నీటిపిట్టలు కనబడతాయి. వాటిని చూసి మురిసిపోయే నేనే, దసరానాడు వీధిలోకి పంజరం వస్తే పది రూపాయలిచ్చి పాలపిట్టను చూశాను. జమ్మి ఆకూ, పాలపిట్టా లేనిదే మా అత్తమ్మకు పండుగ కాదు.

"నీలం రంగేదమ్మా?" అంది మా చిన్నది.

రెక్క ముడిస్తే దానికి మట్టిరంగే ఎక్కువ. ఆ వైభవమంతా ఎగిరినప్పుడే. తెలంగాణకు అది రాష్ట్రపక్షి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం నేరం. పట్టినవాడిదొక్కడిదేనా తప్పు? నా పది రూపాయలు మరో పిట్టకు వల కొనిపెట్టి ఉంటాయి.

ఈసారి చేలవైపు పోదామన్నాను. పురుగులూ మిడతల కోసం కరెంటు తీగల మీద కూర్చునే పిట్టే కదా, కనబడకపోతుందా!

అత్తమ్మ మోకాళ్లు తడుముకుంది. "ఆటో మాట్లాడు మరి. గని మనం పొయ్యేవరకు అది ఎగిరిపోతే ఎట్ల బిడ్డా?"