రాయపురం చరిత్రలో ఎవరెవరు?

రాయపురం అనగానే స్థానిక చరిత్రకారులకు 1856 గుర్తుకు వస్తుంది. ఆ ఏడాది జూలై 1న దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు ఇక్కడినుంచే వాలాజా రోడ్డుకు బయలుదేరింది. స్టేషను స్తంభాలను, గవర్నరు హారిస్‌ను వర్ణించే రచనలకు కొదవ లేదు. పట్టాలు పరచినవారు, మూటలు మోసినవారు, కాశిమేడులో వలలు లాగినవారు, ఉత్తర చెన్నై వీధులు ఊడ్చిన తెలుగు కుటుంబాలవారు మాత్రం వాటిలో ఒకటి రెండు వాక్యాలకు మించరు.

ఈ లోపం పాతదే. మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులు మనకు పెద్ద సంపద. వాటి వెనుక కావలి సోదరుల శ్రమ ఉంది. అయితే వాటిలో చాలా భాగం కరణాల కవిలెలనుంచి వచ్చింది. కవిలెకెక్కనివారు కైఫియత్తుకూ ఎక్కలేదు.

అలాగని తెలుగు పేర్లు మాత్రమే ఏరి కూర్చినా సమగ్రత రాదు. తమిళ జాలరులను, 1910లో ఇక్కడ అగ్ని దేవాలయం కట్టుకున్న పార్సీలను విడిచిపెడితే మిగిలేది సగం రాయపురమే.

విద్యార్థులకు మా సూచన ఒకటే. పత్రం చూశాక మనిషిని అడగండి. చెప్పినవారి తెలుగును, అందులోని తమిళ పదాలతో సహా, దిద్దకుండా రాయండి. దిద్దిన మాటలో వారి జీవితం మిగలదు. అచ్చుకు పంపేముందు వారికే చదివి వినిపించండి. తప్పొప్పులు చెప్పే మొదటి అధికారం వారిది.