ఇంటిపేరున్న లెక్క

మా హోసూరు వైపు బడి పట్టీలో పేరు ముందు తండ్రి పేరు మొదటి అక్షరమే ఉంటుంది. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం ఇంటిపేరు అడగనిదే మాట సాగదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో జీటీఐడీ పనితనం చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

మామిడి మండీ లెక్కల అసలు సర్వరు కృష్ణగిరిలో, దాని నకలు సుమారు 50 కిలోమీటర్ల దూరాన హోసూరులో ఉన్నాయనుకుందాం. పాత పద్ధతిలో నకలు ఎక్కడిదాకా రాసుకుందో చెప్పాలంటే లాగ్ ఫైలు పేరు, అందులో ఎన్నో బైటు అన్నది చెప్పాలి. ఆ గుర్తు ఒక్క సర్వరుకే చెల్లుతుంది. అసలుది పడిపోయి మరో నకలు దాని స్థానంలోకి వస్తే, కొత్త ఫైళ్లలో అదే చోటును వెతుక్కోవాలి. అంచనా తప్పితే ఒక తోతాపురి లోడు లెక్కలోంచి పోతుంది, లేదా రెండుసార్లు పడుతుంది.

2013లో వచ్చిన 5.6 వెర్షన్ ప్రతి లావాదేవీకీ పుట్టినచోటే పేరు పెట్టే పద్ధతి తెచ్చింది: ఇంటిపేరులాంటి సర్వరు యూయూఐడీ, దాని పక్కన వరుస సంఖ్య. అదే జీటీఐడీ. ఎన్ని నకళ్లు తిరిగినా ఆ పేరు మారదు. నకలు వచ్చి తన దగ్గరున్న పేర్లు చూపిస్తుంది, అసలుది లేనివే పంపుతుంది. ఉన్నదే మళ్లీ వస్తే నకలు దాటేస్తుంది. నాకు ముచ్చటేసేది ఆ పేర్ల పట్టీ పొందిక. తొమ్మిది లక్షల లావాదేవీలు 1-900000 అని ఒక్క ముక్కలో ఇమిడిపోతాయి. నడుమ ఒకటి తగ్గినా సందు కంటికి కనిపిస్తుంది.

సర్వరు డిస్కును ఉన్నదున్నట్టు కాపీ చేస్తే రెండింటికీ ఒకే ఇంటిపేరు వస్తుంది. అప్పుడు నకలు రాసుకోవడం (రెప్లికేషన్) మొదలవదు. కాపీలోని ఆటో.సీఎన్‌ఎఫ్ ఫైలు తీసేసి తిరిగి నడిపిస్తే కొత్త ఇంటిపేరు పుడుతుంది.

అంతకంటే గడ్డు చిక్కు ఇంకొకటి. చిన్న సవరణే కదా అని ఎవరో నేరుగా హోసూరు నకలులోనే రాస్తారు. దానికి హోసూరు ఇంటిపేరు పడుతుంది. ఆ రోజు ఏమీ కాదు. నెలల తరవాత హోసూరునే అసలు సర్వరు చేసినప్పుడు మిగతా నకళ్లు ఆ లావాదేవీ ఇమ్మంటాయి. దాన్ని దాచిన పాత లాగ్ అప్పటికే తుడిచేసి ఉంటే 1236 ఎర్రర్‌తో అన్నీ ఆగిపోతాయి.

ముందే కనిపెడితే దీనికి మందు చాలా అందమైనది. ఆ సవరణ అందరికీ అక్కరలేదని చూసుకుని, కృష్ణగిరి సర్వరులో అదే పేరుతో ఒక ఖాళీ లావాదేవీ నమోదు చేస్తారు. మండీలో పాడైన చీటీని చించకుండా అడ్డగీత కొట్టి పుస్తకంలోనే ఉంచినట్టు. ఆ ఖాళీ చీటీ వరుసగా అన్ని నకళ్లకూ చేరుతుంది. హోసూరుకు వచ్చేసరికి, తన దగ్గర ఆ పేరు ముందే ఉంది కనుక, అది దాన్ని దాటి తరవాతి లోడు రాసుకుంటుంది.