రాగిరేకు మీద చోటు

రాజును కాదన్న కవుల కథలంటే మన సాహిత్య చరిత్రకు మహా ప్రీతి. కడప సీమలో అవి మరీ ఎక్కువ. సాళువ నరసింహరాయలు తన మీద పదం చెప్పమంటే అన్నమయ్య ఒప్పుకోలేదనీ, సంకెళ్ళ పాలయ్యాడనీ మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. ఆతుకూరి మొల్ల తన రామాయణాన్ని ఏ రాజుకీ అంకితమివ్వలేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి 'ధిక్కారం' అని మెచ్చుకోవడం మనకు అలవాటైంది. నా పేచీ ఇక్కడే.

ఈ నేల మీద రాత మొదటినుంచీ దానంతో ముడిపడింది. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో దొరికిన 575 ప్రాంతపు రేనాటి చోళుల శాసనాన్ని తొలి తెలుగు శాసనమంటున్నాం. అదే వంశపు ఎర్రగుడిపాడు శాసనం దానపత్రమే. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాతా పద్ధతి మారలేదు. స్త్రీ పేరు రాయి ఎక్కదని కాదు. శ్రీశైలంలో పాతాళగంగకు మెట్లు కట్టించిన విఠలాంబ, రెండో హరిహరరాయల రాణి, 1390ల్లో శాసనానికెక్కింది. కుప్పాంబికే మన తొలి కవయిత్రి అనేవాళ్ళున్నారు. పాలమూరు వైపు బూదపురంలో 1276 నాటి శాసనం ఆమెను గుడి కట్టించిన దాతగానే గుర్తుపెట్టుకుంది. ఇవ్వగలిగిన స్త్రీకి రాతి మీద చోటుంది. మరి రాసిన స్త్రీకో?

తాళ్ళపాక ఇంటికి వద్దాం. అన్నమయ్యను బంధించాడంటున్న ఆ నరసింహరాయలే తిరుమలకు పెద్ద దాత. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యులు కూడా తిరుమల శాసనాల్లో దాతగా పదేపదే కనిపిస్తాడు. రాజును కాదన్న కవికి గుడి ఆసరా అయింది, ఆ గుడికి రాజుల ఆసరా ఉంది. అందుకే రెండు వేలకు పైగా రాగిరేకుల మీద ఆ ఇంటి పాట నిలిచింది. రేకుల మీది కీర్తనలు తండ్రివి, కొడుకువి, మనవడివి. అన్నమయ్య భార్య తిమ్మక్క 'సుభద్రా కల్యాణం' రాసింది. ఆ వరసలో ఆమె పేరు లేదు.

ఆమెది కీర్తన కాదు, మంజరీ ద్విపద కావ్యం కదా, భండారంలో ఎందుకుంటుంది అని పండితులు అడగొచ్చు. సరైన ప్రశ్నే. చిన్నన్న ద్విపదకూ రాగి దక్కలేదేమో. కానీ ఏ ప్రక్రియ దేవుడి సొత్తు, ఏది ఆడవాళ్ళ ఇంటి పాట అని తేల్చిందెవరు? ఆ గీత గీసిన చోటే తిమ్మక్క బయటికి పోయింది. పాఠ్యపుస్తకంలో ఆమెకు దక్కేది రెండు వాక్యాలు, అందులో ఒకటి భర్త గురించి.

మొల్ల సంగతి వేరు. గోపవరపు శ్రీకంఠమల్లేశుడి దయ తప్ప తనకు చదువు లేదని తానే చెప్పుకుంది. ఆ వినయం ఎంత నిజమో ఆమె పద్యం చదివితే తెలుస్తుంది! ఆమె వెనక మఠం లేదు, భండారం లేదు, దానాలిచ్చే కొడుకులు లేరు. అన్నమయ్య నిరాకరణనూ ఆమె నిరాకరణనూ ఒకే తూకంతో తూచలేం. మొల్లను కృష్ణరాయల సభకు నడిపించే కథలు తర్వాత పుట్టాయి. రాజు మెచ్చితే తప్ప ఆమె కవిత్వం చెల్లదని ఆ కథలు కట్టినవాళ్ళకు అనిపించి ఉండాలి.

మొల్ల రామాయణం తాటాకుల మీదే బతికింది. ఎవరో చదివారు, ఎవరో నకలు రాసుకున్నారు. తిమ్మక్క ద్విపదను ఏ ఇళ్ళలో పాడుకున్నారో, ఏ అమ్మలు నేర్పారో వెతకాలంటే శాసన సంపుటాలు చాలవు. రాజంపేట, బద్వేలు పల్లెల్లో పెళ్ళిపాటలు రాసుకున్న పాత నోటుపుస్తకాలు అడగాలి.