చీకట్లో గురి చెదరని చూపు

పౌష మాసపు అర్ధరాత్రి. ఇచ్ఛామతి నది మీద మంచు పల్చగా పరుచుకుని ఉంటుంది. గట్టున కాపలా ఉన్న జవాను రైఫిల్ స్కోప్‌కు ముందు చిన్న గొట్టం లాంటి పరికరాన్ని తగిలించి, కన్ను ఆనిస్తాడు. ఆకుపచ్చ వెలుగు కనిపిస్తుంది. అవతల కదిలింది చేపల వలతో వచ్చిన మనిషో, దొంగసరుకు మోస్తున్నవాడో, గాలికి ఊగిన కంపచెట్టో తేల్చాల్సింది ఆ వెలుగులోని బొమ్మే. పశ్చిమ బెంగాల్‌కు బంగ్లాదేశ్‌తో ఉన్న సరిహద్దు 2,200 కిలోమీటర్లకు పైమాటే. అలాంటి చోట బొమ్మ మసకబారితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది.

ఈ పరికరాన్ని క్లిప్-ఆన్ నైట్ విజన్ అంటారు. పగటి స్కోప్‌ను విప్పకుండా దాని ముందు తగిలించడమే దీని సుగుణం. పగలు కుదుర్చుకున్న గురి రాత్రికీ అలాగే ఉండాలి. అయితే పరికరం ఎంత ఖరీదైనదైనా అమరిక తప్పితే బొమ్మ తేటపడదు. కంటికీ గాజుకీ గురికీ మధ్య ఈ అమరిక కుదిర్చే విద్యలో కలకత్తాకు దాదాపు రెండు వందల ఏళ్ల అనుభవం ఉంది.

దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన మహా సర్వేకు సారథ్యం వహించిన జార్జ్ ఎవరెస్ట్, తొలినాళ్లలో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేసి తీవ్రమైన జ్వరాల పాలయ్యాడు. ఇంగ్లండు వెళ్లి 1830లో తిరిగివచ్చినప్పుడు హెన్రీ బారో అనే పనిముట్ల నిపుణుణ్ణి కలకత్తాకు రప్పించాడు. సర్వే పరికరాలు తయారుచేసి, బాగుచేసే కార్యాలయం ఆ ఏడాదే ఇక్కడ మొదలైంది. బారో తర్వాత ఆ బాధ్యత ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్‌కు దక్కింది. సర్వేలో పగలు అద్దాలతో ఎండను మెరిపించి, రాత్రి దీపాలు వెలిగించి, మైళ్ల దూరంలోని ఆ వెలుగు చుక్కను దుర్బిణిలోని సన్నని అడ్డునిలువు గీతల మీదికి తెచ్చేవారు. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా కొలత మొత్తం తప్పేది. చూపు రేఖను పరికరం అక్షంతో కలిపే ఆ సర్దుబాటు పేరు కాలిమేషన్.

క్లిప్-ఆన్‌కు ప్రాణం కూడా అదే. ముందు లెన్స్ చుక్కల వెలుతురును పోగుచేసి ఇమేజ్ ఇంటెన్సిఫైయర్ ట్యూబ్ మీద పడేస్తుంది. ట్యూబ్ ముఖాన ఉన్న పూత ఆ కాంతిని ఎలక్ట్రాన్లుగా మారుస్తుంది. లక్షలాది సూక్ష్మ రంధ్రాలున్న గాజు పలక వాటిని అనేక రెట్లు పెంచుతుంది. చివర ఫాస్ఫర్ తెర మీద అవి మళ్లీ వెలుగవుతాయి. వెనక లెన్స్ ఆ తెర బొమ్మను సమాంతర కిరణాలుగా మార్చి స్కోప్‌కు అందిస్తుంది. లోపల లెన్సూ ట్యూబూ ఒకే వరుసలో లేకపోతే బొమ్మంతా ఒక పక్కకు జరుగుతుంది. ఒక కోణపు నిమిషం జరిగితే చాలు, 100 మీటర్ల దూరంలో గురి సుమారు 2.9 సెంటీమీటర్లు తప్పుతుంది. అందుకే కొన్ని పరికరాల్లో ఒక అంచు పల్చగా, మరో అంచు మందంగా ఉండే రెండు గాజు బిళ్లలు పెడతారు. ఒకదాని మీద ఒకటి తిప్పుతూ మిగిలిన వంకరను సరిచేస్తారు.

ఇక వాడేవాడి వంతు. ఫోకస్ మూడు చోట్ల చేయాలి, వరుస తప్పకూడదు. మొదట స్కోప్‌ను ఖాళీ ఆకాశం మీదికి తిప్పి, గురిగీతలు నల్లగా పదునుగా కనిపించేదాకా కంటి వైపు మరను సర్దాలి. తర్వాత చీకటి పడ్డాక క్లిప్-ఆన్ తగిలించి, దూరాన్ని బట్టి స్కోప్ ఫోకస్‌ను సర్దే పారలాక్స్ మరను అనంత దూరం గుర్తు దగ్గరికి తేవాలి. లక్ష్యం 100 మీటర్ల దూరంలో ఉంది కదా అని మరను 100 దగ్గర పెట్టడం చాలామంది చేసే పొరపాటు. స్కోప్ చూస్తున్నది లక్ష్యాన్ని కాదు, సమాంతర కిరణాలుగా వచ్చే తెర బొమ్మను. తెర మీది సన్నని నలుసులు విడివిడిగా కనిపిస్తే అది కుదిరినట్టు. లక్ష్యపు దూరం సంగతి చివరగా, క్లిప్-ఆన్ ముందు లెన్స్ చూసుకుంటుంది.

రెండో పొరపాటు పెద్దది చేసి చూడాలనే ఆత్రం. మిల్లీమీటరుకు 64 జతల గీతలు విడదీసే ట్యూబ్, 80 మి.మీ. నాభ్యంతరం గల ముందు లెన్స్ అనుకుందాం. లెక్క వేస్తే 100 మీటర్ల దూరంలో అది విడదీయగల గీతల జత వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు. స్కోప్‌ను 12 రెట్లకు తిప్పినా ఆ 2 సెంటీమీటర్లలో కొత్త వివరం పుట్టదు. నలుసులు పెద్దవవుతాయి, వెలుగు తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు రెట్ల దగ్గర ఆగితే బొమ్మ నిండుగా ఉంటుంది. గురిగీతల దీపాన్నీ కనిపించీ కనిపించనంత సన్నగా పెట్టాలి.

ఇదంతా గాజు బాగుంటేనే. లోపల బుడగ గానీ సన్నని చార గానీ ఉంటే కాంతి వంకరపోతుంది. అలాంటి దోషం లేని ఆప్టికల్ గాజు తయారీ రహస్యాన్ని కొద్ది దేశాలే గుప్పిట్లో పెట్టుకున్న రోజుల్లో, కలకత్తా జాదవ్‌పూర్‌లోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధన సంస్థ దాన్ని ఇక్కడే సాధించింది. 1950లో ప్రారంభమైన ఆ సంస్థను ఆత్మారామ్ నడిపారు. కరిగిన గాజును ఆగకుండా కలపడం, రోజుల తరబడి నెమ్మదిగా చల్లార్చడం అందులో కీలకం. ఆ పక్కనే 1830 నాటి పనిముట్ల కార్యాలయానికి వారసురాలైన నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్, 1957లో కంపెనీగా మారి, కోణాలు కొలిచే థియోడొలైట్లూ కెమెరాలూ చేసింది.

బెంగాల్ తేమ లెన్సులకు శత్రువు. సందు దొరికితే గాజు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది, బొమ్మలోని నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది. అందుకే పరికరంలో పొడి నైట్రోజన్ నింపి సీలు వేస్తారు. బయటి ధూళిని ముందు గాలితో ఊది, మెత్తని కుంచెతో దులిపి, ఆ తర్వాతే తడి కాగితంతో మధ్య నుంచి అంచుకు తుడవాలి. చలికాలపు దట్టమైన మంచులో మాత్రం క్లిప్-ఆన్ శక్తి పరిమితం. ఇన్‌ఫ్రారెడ్ దీపం వేస్తే మంచే తెల్లని గోడలా మెరుస్తుంది. అక్కడ వేడిని పట్టే థర్మల్ పరికరమే మెరుగు.

నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఆవరణ ఇప్పుడు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ఆప్టికల్ పనితనానికి తెలుగునాట మచిలీపట్నం మరో చిరునామా. అక్కడి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, నైట్ విజన్ పరికరాలు అక్కడ తయారవుతున్నాయి. కృష్ణా జిల్లా నిమ్మలూరులో అదే సంస్థ కట్టిన కొత్త కర్మాగారం 2025 అక్టోబరులో జాతికి అంకితమైంది. మొహ్సిన్ హుస్సేన్ థియోడొలైట్ గీతల మీద పెట్టిన శ్రద్ధే ఇప్పుడు ఈ కర్మాగారాల బల్లల దగ్గర కావాలి. గురిగీతల కూడలిని దూరపు చుక్క మీద నిలిపి, క్లిప్-ఆన్ తీసి చూస్తారు, పెట్టి చూస్తారు, మళ్లీ తీసి చూస్తారు. మూడుసార్లూ చుక్క ఆ కూడలిలోనే నిలిస్తే, ఆ పరికరం సరిహద్దుకు వెళ్లొచ్చు.